కళాశాల మారిన క్రీడాకారిణి

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడి, డిగ్రీ ప్రవేశములకు దరఖాస్తులు పెట్టుకొను దినములు. అవనిగడ్డనుండి బందరు పోవు బస్సులో ఒక తండ్రియు, కుమార్తెయు కూర్చుండి యున్నారని తలచుకొందము. పిల్ల పొడగరి. పాఠశాలల పోటీలలో పందొమ్మిదేండ్లలోపు బాలికల బాస్కెట్‌బాల్ జట్టున జిల్లా తరఫున ఆడినది. తండ్రి ఒడిలోని సంచిలో మార్కుల పట్టికలు, టి.సి., ఆటల సర్టిఫికెట్లు గలవు. ఆ కుటుంబము ముందు మూడు దారులున్నవి. గుడివాడలో నొక కళాశాలవారు ఫీజు మాఫీచేసి హాస్టలులో చోటిత్తుమనిరి. చెన్నైలో నొక విశ్వవిద్యాలయమువారు అంతకంటె నెక్కువ ఇత్తుమని కబురంపిరి. డల్లాసులో ఉద్యోగము చేయుచున్న మేనమామ మాత్రము ఫోనులో, "తొందరపడకండి బావగారూ, ఒక్క యేడాది అక్కడే డిగ్రీలో చేర్పించండి. తరువాత ఇక్కడి కాలేజీకి పంపుదురుగాని. ఆటమీదే చదువంతా ఉచితంగా చెప్పిస్తారు" అనెను.

తండ్రి అడుగు ప్రశ్న యొక్కటియే: "ఒకచోట చేర్పించి మళ్ళీ యేడు ఇంకోచోటికి మారిస్తే పిల్ల ఆటకి ఏమన్నా అడ్డం వస్తుందా?"

ఈ ప్రశ్న యిప్పుడు చాల యిండ్లలో వినబడుచున్నది కనుక దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. మేనమామ సదుద్దేశముతోనే చెప్పెను. కాని ఆయన చెప్పిన "ఒక్క యేడాది" అన్న మాటలోనే అసలు చిక్కంతయు నున్నది. బాస్కెట్‌బాల్ పోటీల నియమావళి, మన దేశమున గాని అమెరికాలో గాని, పిల్ల యెత్తును గణింపదు, వేసిన బుట్టలను గణింపదు, సంవత్సరములను గణించును. ఆ లెక్క యెప్పుడు మొదలగునో ఇంటివారికి సాధారణముగా తెలియదు.

ముందు ఆటను గూర్చి కొంచెము. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. మరుసటి సంవత్సరమే స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని దీనిని తన విద్యార్థినులకు నేర్పెను. కావున స్త్రీలకీ యాట పురుషులు విడిచిన తరువాత దక్కినది కాదు. ఇంచుమించు పుట్టుకనుండియు వారిదే. మన దక్షిణ దేశమున వై.ఎం.సి.ఏ. వారు దీనిని వ్యాపింపజేసిరి. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసున స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాలలో శిక్షణ పొందిన డ్రిల్లు మాష్టర్లు ఎన్నో యూళ్ళకు ఇట్టి యాటలను మోసికొనిపోయిరి.

డెల్టాలో మాత్రము దీనికి నేల అనుకూలము కాదు. మన నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. వానకాలమున కాలు పెట్టనీయదు. కబడ్డీకి ఇసుకయో మెత్తని మట్టియో పోసికొనవచ్చును గాని, బంతి యెగురవలెనన్నచో సిమెంటు నేల కావలెను. ఇరువదెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు గల సిమెంటు నేల పల్లెలో నున్నచో, కోతల దినములలో దానిమీద ధాన్యము ఆరబోయక మానరు! అందుచేత మన ప్రాంతమున ఈ యాట పట్టణములలోని పాఠశాలలను, కళాశాలలను ఆశ్రయించుకొని బ్రతుకుచున్నది. దివిసీమలోని పిల్ల ఆడదలచినచో బందరో, గుడివాడో, బెజవాడో రాకతప్పదు. కళాశాలను ఎంచుకొనుటయనగా ఆమెకు ఆటస్థలమును ఎంచుకొనుటయే.

ఇక మన దేశపు పద్ధతి. డిగ్రీ కళాశాలలో చేరిన విద్యార్థిని మొదట తన విశ్వవిద్యాలయములోని అంతర కళాశాల పోటీలలో ఆడును. ఆ పోటీలలో రాణించినవారిని ఎంపిక పరీక్షలకు పిలిచి, శిబిరమునందు తర్ఫీదు నిచ్చి, పండ్రెండుగురి జట్టును కూర్తురు. ఆ జట్టు దక్షిణ మండల విశ్వవిద్యాలయముల పోటీకి పోవును. దేశమున నాలుగు మండలములు గలవు. ఒక్కొక్క మండలమున మొదటి నాలుగు స్థానములు పొందిన జట్లు అఖిల భారత పోటీకి అర్హములగును. ఈ పోటీలను నడపునది భారత విశ్వవిద్యాలయముల సంఘము. 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా ఏర్పడి, 1973లో ఈ పేరు ధరించినది.

బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలల చరిత్ర చూచినచో ఒక చిత్రము గోచరించును. ఇచ్చటి పాత కళాశాలలు మొదట మద్రాసు విశ్వవిద్యాలయము క్రింద నుండెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడగా దాని పాలనలోనికి వచ్చెను. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము క్రిందికిని, 2008లో బందరుననే వెలసిన కృష్ణా విశ్వవిద్యాలయము క్రిందికిని మారెను. గోడలు కదలలేదు, గంట మారలేదు, విశ్వవిద్యాలయము మాత్రము మూడు మారులు మారినది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు రోజులలో బందరు పిల్ల వాల్తేరు, కాకినాడ పిల్లలతో పోటీపడి జట్టులో చోటు సంపాదింపవలసి వచ్చెడిది. ఇప్పుడు కృష్ణా జిల్లాలోను, బెజవాడ పరిసరములలోను గల కళాశాలల పిల్లలతో పోటీపడిన చాలును. దివిసీమ పిల్లకు ఇది చిన్న లాభము కాదు. చెన్నైలోని పెద్ద విశ్వవిద్యాలయమున మేటి క్రీడాకారిణులు పదుగురు ముందే యుందురు. అచ్చట జట్టు బల్లమీద కూర్చుండి రెండేండ్లు గడపుట కంటె, బందరు జట్టులో మొదటి యేడే ఆడుట మేలు కావచ్చును. చెన్నై విశ్వవిద్యాలయములును, మన కృష్ణాయును దక్షిణ మండలములోనివే గనుక ఆడు పోటీయు ఒక్కటియే.

ఆ పోటీలో పాల్గొనుట కేల యింత తహతహ యని కొందరడుగవచ్చును. దానికి సమాధానము ఉద్యోగము. కేంద్ర ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారులను చేర్చుకొనుటకు 1980లో వెలువడి, 2013లో క్రోడీకరింపబడిన ఉత్తర్వులు గలవు. వానిననుసరించి సర్టిఫికెట్లకు నమూనా ఫారములున్నవి. అంతర్జాతీయ పోటీలకు మొదటి ఫారము, జాతీయ పోటీలకు రెండవది, అంతర విశ్వవిద్యాలయ పోటీలకు మూడవది, జాతీయ పాఠశాలా క్రీడలకు నాలుగవది. మనము తలచుకొన్న బాలిక జిల్లా తరఫుననే ఆడినది. రాష్ట్రము తరఫున జాతీయ పాఠశాలా క్రీడలకు పోలేదు. కావున ఆమె సంచిలోని సర్టిఫికెట్లు ఎన్ని యున్నను నాలుగవ ఫారమునకు సరిపోవు. ఆమెకు ఇక నందదగినది మూడవ ఫారము. దానిపై విశ్వవిద్యాలయపు క్రీడాధికారి సంతకము చేయవలెను. మన దేశమున మహిళల బాస్కెట్‌బాల్‌లో రైల్వేజట్టు ఎంత బలమైనదో పత్రికలు చదువువారికి తెలియును. ఆ జట్టులోని క్రీడాకారిణులందరును జీతము తీయు ఉద్యోగినులే. గుడివాడ జంక్షనులో రైలు దిగు ఇంటిపిల్లకు ఆ రైల్వే శాఖలోనే ఆటమీద ఉద్యోగము వచ్చుట కలకాని కల.

ఈ పోటీలలో ఆడుటకు అర్హత లేమి? కనీసము ఒక విద్యా సంవత్సరము నడచు కోర్సులో పూర్తికాలపు విద్యార్థిని అయి యుండవలెను. ప్రవేశము తాత్కాలికమైనదిగా నుండరాదు. పూర్తికాలపు ఉద్యోగిని కాగూడదు. వయసు ఇరువదియైదేండ్ల లోపున నుండవలెను. డిగ్రీలో ప్రవేశమునకు అర్హత నిచ్చు పరీక్ష, అనగా మన ఇంటర్మీడియట్, ఉత్తీర్ణురాలై ఎనిమిదేండ్లకు మించరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక విద్యా సంవత్సరమున ఒకే విశ్వవిద్యాలయము తరఫున ఆడవలెను.

ఈ చివరి నిబంధనను బాగుగా గమనింపవలెను. గుడివాడలో చేరి, కృష్ణా విశ్వవిద్యాలయమునకు ఆడి, ఆ యేడే మనసు మారి చెన్నైకి పోయిన పిల్ల, ఆ సంవత్సరము చెన్నై తరఫున ఆడజాలదు. గుడివాడనుండి బందరులోని కళాశాలకు మారుట వేరు. రెండును కృష్ణా విశ్వవిద్యాలయములోనివే గనుక విశ్వవిద్యాలయపు జట్టు మారదు. విశ్వవిద్యాలయమే మారినచో టి.సి. తోపాటు మైగ్రేషన్ సర్టిఫికెట్టు కావలెను, క్రొత్తచోట ప్రవేశము స్థిరపడవలెను. ఈలోపున పోటీల దినములు దాటిపోవుటయు కలదు. పైగా చెన్నైకి పోయినచో రాష్ట్ర జట్టు ప్రశ్నయు వచ్చును. ఒక రాష్ట్ర సంఘమున నమోదైన క్రీడాకారిణి వేరొక రాష్ట్రము తరఫున జాతీయ పోటీలలో ఆడదలచినచో, మొదటి సంఘము నుండి అభ్యంతరము లేదను పత్రము తీసికొనవలసి యుండును. ఆ పత్రము అడిగిన వెంటనే చేతికి వచ్చునని యెవ్వరును పూచీపడలేరు.

మన పద్ధతిలో నొక లోపమును కూడ చెప్పక తప్పదు. కొన్నిచోట్ల కళాశాల పేరు ప్రతిష్ఠలకై క్రీడాకారిణులను హాజరు పట్టీలో మాత్రమే చేర్చుకొని, పోటీల దినములలో పిలిపించి ఆడించి, మిగిలిన కాలమున వారి చదువేమైనదో విచారింపకుండుట కలదు. కప్పు కళాశాల అద్దాల బీరువాలో నుండును. పిల్ల మూడవ యేట సప్లిమెంటరీ పరీక్షలలో నుండును. "ఫీజు మాఫీ" యని చెప్పినవారిని తండ్రి అడుగవలసిన ప్రశ్నలు ఇవి: మాఫీ ఒక్క యేటికా, కోర్సు ముగియువఱకా? మోకాలు బెణికి ఒక యేడు ఆడలేకపోయినచో అప్పుడేమగును? ప్రాక్టీసువలన తప్పిపోయిన పాఠములను ఎవరు చెప్పుదురు? ఆడపిల్లల హాస్టలునుండి ఆటస్థలమునకు ఎంత దూరము, చీకటి పడిన తరువాత తోడెవరు? ఈ జవాబులు కాగితముమీద వ్రాసి యిమ్మని అడుగుట అమర్యాద కాదు.

ఇప్పుడు మేనమామ చెప్పిన దేశమునకు పోవుదము. అమెరికాలో కళాశాలల ఆటలను నడపు ప్రధాన సంస్థ ఎన్.సి.ఏ.ఏ. విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదము కూడదను 1972 నాటి చట్టము పిమ్మట అచ్చట ఆడపిల్లల ఆటలకు ధనము వచ్చెను. 1982 నుండి ఎన్.సి.ఏ.ఏ. మహిళల బాస్కెట్‌బాల్ పోటీలు నడపుచున్నది. దాని మొదటి శ్రేణిలో 350కి పైగా కళాశాలల మహిళా జట్లున్నవి. 2024–25 వఱకు ఒక్కొక్క జట్టు పదునైదుగురికి పూర్తి స్కాలర్‌షిప్పు ఇయ్యగలిగెడిది. అనగా బోధన రుసుము, వసతి, భోజనము, పుస్తకములు అన్నియు. మేనమామ చెప్పిన "ఉచిత చదువు" అబద్ధము కాదు. కాని లెక్క వేయుడు: మొత్తము ఐదువేల పైచిలుకు స్థానములు. అవి నాలుగేండ్ల విద్యార్థినులకు పంచినచో, ఏటేట ఖాళీ యగునవి సుమారు 1,300. లోకమంతటినుండియు వచ్చు బాలికలకు ఇవియే.

శిక్షకులు బాలికలను వెదకుటకు అచ్చట ఒక పంచాంగమే యున్నది. సంవత్సరమును నాలుగు విధములైన కాలములుగా విభజించిరి. సంప్రదింపు కాలమున శిక్షకుడు పిల్ల యింటికి పోయి మాటలాడవచ్చును. పరిశీలన కాలమున ఆమె ఆటను చూడవచ్చును గాని, కళాశాల వెలుపల ఎదుటపడి మాటలాడరాదు. నిశ్శబ్ద కాలమున పిల్లయే కళాశాలకు వచ్చినచో మాటలాడవచ్చును. చివరిది నిషిద్ధ కాలము. అప్పుడు ఎచ్చటను ముఖాముఖి కలిసికొనరాదు, ఫోనులును ఉత్తరములును తప్ప. మన మూఢము వంటిదే ననవచ్చును! నాగాయలంకకు ఏ శిక్షకుడును రాడు గనుక, మన పిల్లను ఆయన చూచునది వీడియోలోనే. అందమైన బుట్టలను మాత్రమే యేర్చి కూర్చిన రెండు నిమిషముల వీడియోకంటె, మొదటినుండి చివరివఱకు తీసిన ఒక పూర్తి యాటయే మేలని మా యభిప్రాయము. బంతి తన చేతిలో లేనప్పుడు పిల్ల ఏమి చేయుచున్నదో అందులోనే తెలియును. నోటిమాటగా ఇచ్చిన హామీ అచ్చటను కట్టుబాటు కాదు. కళాశాల సంతకము చేసిన స్కాలర్‌షిప్పు ఒప్పందమే కట్టుబాటు. ఇంత సొమ్మిచ్చినచో స్కాలర్‌షిప్పు తప్పక ఇప్పించెద మనువారికి బందరులోనైనను బెజవాడలోనైనను ఒక రూపాయి ఇయ్యవద్దు.

ఇక సంవత్సరముల లెక్క. ఆ నియమములు ఏటేట మారుచుండును గనుక, 2024–25 నాటి మొదటి శ్రేణి నిబంధనలనే ఇచ్చట చెప్పుచున్నాము. దరఖాస్తు పెట్టు యేటి నియమావళిని తప్పక చూచుకొనవలెను. ఒక క్రీడాకారిణి ఐదేండ్లలో నాలుగు సీజనులు ఆడవచ్చును. ఆ ఐదేండ్ల గడియారము ఆమె అమెరికాలో దిగిన నాడు మొదలు కాదు. ప్రపంచమున ఏ కళాశాలలోనైనను పూర్తికాలపు విద్యార్థినిగా చేరిన నాడే మొదలగును. అనగా గుడివాడలో బి.ఎస్‌సి. మొదటి తరగతిలో కూర్చున్న నాడే అమెరికా గడియారము నడచుట ప్రారంభించినది. ఆ యేడు కృష్ణా విశ్వవిద్యాలయమునకు ఆడినచో, ఆమె నాలుగు సీజనులలో నొకటి ఖర్చగును. మరుసటి యేడు డల్లాసు పోయినప్పుడు ఆమె క్రొత్తగా చేరు విద్యార్థిని కాదు, కళాశాల మారిన విద్యార్థిని. ఆమెకు మార్పిడి నియమములు వర్తించును. ఇచ్చట చదివిన సబ్జెక్టులు అచ్చటి డిగ్రీకి ఎంతవఱకు లెక్కకు వచ్చునో, మార్కులు చాలునో చూతురు. మేనమామ చెప్పిన "ఒక్క యేడాది" వెల యిది.

అట్లని కళాశాలలో చేరక ఇంట కూర్చున్న నేమగును? దానికిని ఒక హద్దున్నది. పన్నెండవ తరగతి ముగియవలసిన కాలము నుండి ఒక సంవత్సరము వఱకు గడువున్నది. ఆ గడువు దాటినపిమ్మట కళాశాలలో చేరక, పోటీలలో మాత్రము ఆడుచు నున్నచో, అట్టి యేడాదికొక సీజను తీసివేయుదురు. చేరిన తరువాత ఒక యేడు ఆడక కూర్చుండవలసి వచ్చును. మన యిండ్లలో ఇంటర్మీడియట్ ముగిసినపిమ్మట డాక్టరు చదువు ప్రవేశ పరీక్షకు "లాంగ్ టర్మ్" కోచింగులో ఒక యేడు, రెండేండ్లు గడపుట వాడుకగా నున్నది. మొదటి యేటికి నష్టము లేదు. రెండవ యేట, కోచింగులో నుండియు క్లబ్బు పోటీలలో ఆడినచో నష్టమే.

ఇంతకంటె చిన్నదైన, అంతకంటె ప్రమాదకరమైన చిక్కొకటి పేరులో నున్నది. మన యింటర్మీడియట్ చదువు జరుగుచోటును మనము జూనియర్ కళాశాల యందుము. అమెరికాలో జూనియర్ కళాశాల యనగా పన్నెండవ తరగతి తరువాత రెండేండ్లు చదువుచోటు. అట్టివానికి వేరుగా క్రీడాసంఘమే యున్నది. అచ్చట రెండేండ్లు ఆడి పెద్ద కళాశాలకు మారు క్రీడాకారిణులు చాలమంది. మన పిల్ల దరఖాస్తులో "జూనియర్ కాలేజిలో రెండేండ్లు ఆడితిని" అని వ్రాసినచో, చదువు అధికారి ఆమె రెండు సీజనులు ఆడివేసినదని భ్రమపడుట సహజము. కనుక "పదునొకండవ, పండ్రెండవ తరగతులు" అనియే వ్రాయవలెను.

చదువు విషయమునను ముందుచూపు కావలెను. మొదటి శ్రేణిలో ఆడుటకు తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వఱకు పదునారు ప్రధాన పాఠ్యాంశములు ముగింపవలెను: ఆంగ్లము నాలుగేండ్లు, గణితము మూడేండ్లు, విజ్ఞానశాస్త్రము రెండేండ్లు, సాంఘికశాస్త్రము రెండేండ్లు, పైగా మరికొన్ని. ఎం.పి.సి. పిల్లలకు ఇబ్బంది లేదు. బై.పి.సి. పిల్లలకు గణితము పదవ తరగతితో ఆగిపోవును. తొమ్మిది, పది తరగతులు కలిపి రెండేండ్లే యగును. ఒక యేటి గణితము తక్కువ. పదవ తరగతి ముగిసిన వేసవిలో గ్రూపు ఎంచుకొనునప్పుడు ఈ సంగతి యెవ్వరును చెప్పరు. రెండేండ్ల తరువాత తెలిసికొని లాభము స్వల్పము.

ఇప్పుడు మార్పిడి కథ. ఒకప్పుడు అచ్చట కళాశాల మారిన బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి ఒక సంవత్సరము ఆడక బల్లమీద కూర్చుండవలసి వచ్చెడిది. శిక్షకుడు మాత్రము నేడు రాజీనామా ఇచ్చి రేపు మరొకచోట ఎక్కువ జీతమునకు చేరగలిగెడివాడు. ఈ అన్యాయమును గూర్చి చాల కాలము తగవు జరిగెను. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అను పట్టికను ఏర్పాటుచేసిరి. మారదలచిన విద్యార్థిని తన పేరందులో చేర్పించినచో ఇతర శిక్షకులు ఆమెతో మాటలాడవచ్చును. 2021 ఏప్రిలులో ఒక మారు మారినను కూర్చుండ నక్కరలేదనిరి. 2024 ఏప్రిలులో, చదువు సక్రమముగా నున్నచో ఎన్ని మారులైనను మారవచ్చుననిరి. పట్టికలో పేరు చేర్చుకొను గడువు మాత్రము మొదట అరువది దినములుండగా క్రమముగా తగ్గించిరి.

దీనివలన బాగుపడినవారున్నారు. ఏంజెల్ రీస్ మేరీల్యాండు విశ్వవిద్యాలయమును విడిచి 2022లో లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను. మరుసటి వసంతమున ఆ జట్టు డల్లాసులో జరిగిన తుది పోటీలో అయోవాను 102–85 తేడాతో ఓడించి విజేత యయ్యెను. హెయిలీ వాన్ లిత్ లూయివిల్లునుండి లూసియానాకును, అచ్చటినుండి టెక్సాస్ క్రిస్టియనుకును మారి, మూడవచోట కుదుటపడెను. అయోవా తరఫున ఆ తుది పోటీలో ఓడిన కెయిట్లిన్ క్లార్కు మాత్రము నాలుగేండ్లును ఒకే కళాశాలలో ఆడి, అచ్చటి కళాశాల క్రీడలలో అందరికంటె ప్రసిద్ధురాలయ్యెను. మారుటయే మేలనియు, మారకుండుటయే మేలనియు వీరి కథలవలన తేలదు.

కాని పేరులేనివారి సంగతి వేరు. ఏటేట వెయ్యికి పైగా మహిళా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణులు మొదటి శ్రేణినుండియే ఆ పట్టికలో చేరుచున్నారు. పట్టికలో చేరుట యనగా క్రొత్తచోటు దొరకుట కాదు. పేరు చేర్చిన తరువాత పాత కళాశాల ఆ టర్ము ముగియగానే స్కాలర్‌షిప్పు ఆపివేయవచ్చును. మేము ముందు చెప్పిన 1,300 స్థానములకు ఇంటర్మీడియట్ ముగించిన పిల్లతోపాటు, రెండు మూడేండ్లు అచ్చటనే ఆడి ఆరితేరిన ఈ వెయ్యిమందియు పోటీపడుచున్నారు. జీతము పోకుండ గెలువవలసిన శిక్షకుడు ఎవరిని ఏరుకొనును? పదునెనిమిదేండ్ల దివిసీమ బాలికను వీడియోలో చూచి నమ్ముట కంటె, తమ దేశమున అరువది యాటలాడిన ఇరువదియొకటేండ్ల యువతిని చేర్చుకొనుట ఆయనకు సులభము. మార్పిడి స్వేచ్ఛ లోపలనున్నవారికి తలుపులు తెరచినది. వెలుపల నిలిచినవారికి గుమ్మమును ఇరుకు చేసినది. అచ్చటి హైస్కూలు పిల్లల తలిదండ్రులును ఈ మాటే చెప్పుకొని వాపోవుచున్నారు.

అయినను మన దేశమునుండి వెళ్ళినవారు లేకపోలేదు. బెంగుళూరుకు చెందిన సంజనా రమేష్ ఉత్తర అరిజోనా విశ్వవిద్యాలయమునకును, పంజాబుకు చెందిన హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియేగో విశ్వవిద్యాలయమునకును పోయిరి. వీరిరువురును భారతదేశపు జట్ల పోటీలలో పేరు తెచ్చుకొన్నవారే. జిల్లా జట్టునుండి తిన్నగా అచ్చటి మొదటి శ్రేణికి పోవుటకు వీరి మార్గము ఉదాహరణము కాజాలదు.

డబ్బు విషయమొకటి మిగిలినది. 2021 జూలైనుండి అచ్చటి క్రీడాకారులు తమ పేరును, బొమ్మను ప్రకటనల కిచ్చి సొమ్ము తీసికొనవచ్చును. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందముచే కళాశాలలే తమ ఆదాయములో కొంత క్రీడాకారులకు పంచవచ్చును. 2025–26 సంవత్సరమునకు ఒక్కొక్క కళాశాలకు 205 లక్షల డాలర్ల పరిమితి. ఈ వార్తలు విని మన యిండ్లలో ఆశలు పెరుగుట సహజము. కాని విదేశీ విద్యార్థిని ఎఫ్-1 వీసాపై నుండును. ఆ వీసా చదువుటకే గాని పనిచేసి సంపాదించుటకు కాదు. అనుమతించు పని బహుకొద్ది. తోటి క్రీడాకారిణి బూట్ల ప్రకటనలో నటించి డబ్బు తీసికొనుచుండగా, మన పిల్ల అదేపని చేసినచో వీసాకే ముప్పు వాటిల్లవచ్చును. కావున మన పిల్ల లెక్కింపదగినది స్కాలర్‌షిప్పు మాత్రమే. కళాశాల మారినప్పుడు ఆమె వీసా పత్రములును క్రొత్త కళాశాల పేరిట మారవలెను. ఇచ్చట ఆలస్యమైనచో ఆట మాత్రమే కాదు, ఆ దేశమున నుండుటయే ప్రశ్న యగును.

బందరు బస్టాండు సమీపించుచున్నది. ఆ తండ్రి యిప్పుడు ఏమి చేయవలెను? పిల్లకు అమెరికాయే ముఖ్యమైనచో, ఎం.పి.సి. చదివి యున్నచో, ఆంగ్లము బాగుగా వచ్చినచో, ఈ యేడు ఏ డిగ్రీలోను చేర్పింపక, ఆ ఒక్క సంవత్సరపు గడువులోననే దరఖాస్తులు పెట్టవలెను. రెండవ శ్రేణి కళాశాలలను, ఆటతో పని లేని స్కాలర్‌షిప్పులను కూడ చూడవలెను. ఏదియు కుదరకపోయినచో మరుసటి జూన్‌లో గుడివాడ తలుపు తెరచియే యుండును. పోయినది ఒక్క యేడు. ఎనిమిదేండ్ల లెక్కలో ఏడు మిగులును. ఇరువదియైదేండ్ల వయసునకును ఇంకను దూరమే. చూచితిరా, మన దేశపు గడియారము ఈ యేటిని సులభముగా క్షమించును. అమెరికా గడియారము డిగ్రీలో చేరిన యేటిని క్షమింపదు.

పిల్లకు ఆటమీద ఉద్యోగమే కావలసినచో వేరు సంగతి. అప్పుడు గుడివాడయో బందరో ఇప్పుడే చేరి, చేరిన విశ్వవిద్యాలయమును విడువక, డిగ్రీయు, కుదిరినచో తరువాత వ్యాయామ విద్యలో బి.పి.ఇడి.యు చదివి, దక్షిణ మండల పోటీలకు నాలుగైదు మారులు పోయి, మూడవ ఫారములను కూడబెట్టుకొనుటయే మేలైన దారియని మేము తలచుచున్నాము. చెన్నై పోవుట తప్పు కాదు. పోవువారు మొదటి యేడే పోవలెను, నడుమ కాదు.

ఏ దారి పట్టినను, ఆ సంచిలోని కాగితములను కౌంటరులో నిచ్చుటకు ముందు ప్రతిదానికిని నకళ్ళు తీయించి, ఒక ప్రతి ఇంట, మరొక ప్రతి బంధువులయింట నుంచవలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ప్రాణములతోపాటు సమస్తమును పోగొట్టుకొన్న దివిసీమవారికి ఈ మాట వేరుగ చెప్పవలసిన పని లేదు. టి.సి. అసలుదే ఇయ్యవలసి యుండును. మార్కుల పట్టికలను, ఆటల సర్టిఫికెట్లను మాత్రము చూచి, సరిపోల్చుకొని, తిరిగి యిచ్చివేయవలెనని యు.జి.సి. 2018లో ఉత్తరువు చేసినది. "అసలువి మా దగ్గరే ఉండనివ్వండి, కోర్సు అయ్యాక ఇస్తాం" అని యెవరైన ననినచో, ఆ ఉత్తరువు మాట మెల్లగా జ్ఞాపకము చేసి, కాగితములు చేతికి వచ్చువఱకు ఆ కౌంటరు దగ్గరనే నిలువవలెను.